ఒక్క అక్షరం మారితే: మందులకు లొంగని టీబీ వెనక కథ

ఈసారి ఎపిసోడ్ కొంచెం పెద్దది. టీ పెట్టుకుని కూర్చోండి.

మూడేళ్ల కిందట, నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు, అమీర్‌పేటలో ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. నా రూమ్మేట్‌కి దగ్గు పట్టుకుంది. రెండు వారాలైనా తగ్గలేదు. అందరం చేసే పనే వాడూ చేశాడు. సందు చివర మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, దగ్గుకి ఏదైనా ఇవ్వు" అన్నాడు. ఆ అన్న ఐదు లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. ఐదు రోజుల్లో దగ్గు తగ్గింది, జ్వరం పోయింది. "చూశావా మామా, డాక్టర్ ఫీజు మిగిలింది" అన్నాడు నాతో. నేనూ నిజమే అనుకున్నా.

నెల తిరక్కుండా దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి బరువు కూడా తగ్గాడు, రాత్రిళ్లు దుప్పటి తడిసిపోయేలా చెమటలు. ప్రభుత్వాసుపత్రిలో గళ్ల పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. అదే రిపోర్టులో "రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ లేదు" అని ఉంది. హమ్మయ్య అనుకుని మామూలు మందులు మొదలుపెట్టారు. కొన్ని రోజులకి రెండో రిపోర్టు వచ్చింది. సన్నటి కాగితం పట్టీ, దాని మీద అడ్డంగా గీతలు. దాని ప్రకారం వాడి ఒంట్లో ఉన్న క్రిమికి ఐసోనియాజిడ్ పనిచేయదు. ఐసోనియాజిడ్ అంటే టీబీకి ఇచ్చే అసలైన రెండు మందుల్లో ఒకటి. రెండోది రిఫాంపిసిన్.

మేడమ్ అడిగారు: "ఇంతకుముందు ఏమైనా మాత్రలు వాడావా బాబూ?" వాడు లీవోఫ్లాక్సాసిన్ సంగతి చెప్పాడు. మేడమ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఐసోనియాజిడ్ పనిచేయని టీబీకి, దాని బదులు కలిపే మందు సరిగ్గా అదే. లీవోఫ్లాక్సాసిన్. ఇప్పుడు అది కూడా పనిచేస్తుందో లేదో చూడాలి. ఇంకో పరీక్షకి పంపించారు. రిపోర్టు రావడానికి పది రోజులు.

ఆ పది రోజులూ నా బుర్రని ఒకటే ప్రశ్న తొలిచేసింది. వీడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఐసోనియాజిడ్ మాత్ర మింగలేదు. మరి వీడి ఒంట్లో క్రిమికి ఆ మందు ఎలా అలవాటైంది?

ప్రశ్నలోనే తప్పుందని తర్వాత తెలిసింది. "అలవాటు" అన్న మాట చూడండి. మన ఇళ్లలో అందరం అంటాం కదా, "మాత్రలు మధ్యలో ఆపితే క్రిమికి మందు అలవాటైపోతుంది" అని. కల్లుకి అలవాటు పడ్డట్టు, ఎండకి అలవాటు పడ్డట్టు. కానీ క్రిమి ఏమీ నేర్చుకోదు. దేనికీ అలవాటు పడదు. అసలు జరిగేది వేరే.

దాన్ని మొదట పట్టుకున్నది 1943లో, అమెరికాలో, ఒక పార్టీలో. సాల్వడార్ లూరియా అని ఇటలీ నుంచి పారిపోయి వచ్చిన శాస్త్రవేత్త, ఇండియానా యూనివర్సిటీలో పనిచేస్తున్నాడు. ఫ్యాకల్టీ డాన్స్ పార్టీలో సహోద్యోగి ఒకాయన స్లాట్ మెషీన్ దగ్గర చిల్లర పోగొట్టుకుంటుంటే లూరియా ఆటపట్టిస్తున్నాడు. అంతలో ఆయనకి జాక్‌పాట్ తగిలింది. నాణేలు గలగలా రాలాయి. అక్కడ లూరియాకి ఒక ఆలోచన తట్టింది.

ఆయన తల పట్టుకుని కూర్చున్న ప్రశ్న ఇది. బ్యాక్టీరియా మీద దాన్ని చంపే వైరస్‌ని వదిలితే, కోట్లలో కొన్ని మాత్రం బతుకుతాయి. అవి వైరస్‌ని చూశాక మారాయా, లేక ముందే మారి ఉన్నాయా? వేరువేరు గొట్టాల్లో బ్యాక్టీరియాని విడివిడిగా పెంచి, తర్వాత అన్నిటి మీదా వైరస్ వదిలామనుకోండి. వైరస్‌ని చూశాకే మారితే, ప్రతి గొట్టంలోనూ బతికినవి ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉండాలి. ముందే, ఎప్పుడో ఒకప్పుడు, యాదృచ్ఛికంగా మారి ఉంటే? చాలా గొట్టాల్లో సున్నా, కొన్నిట్లో ఒకటీ రెండూ, ఎక్కడో ఒకదాంట్లో మాత్రం వందలు. ఎందుకంటే ఆ గొట్టంలో మార్పు మొదట్లోనే వచ్చింది, దాని పిల్లలూ మనవలూ గొట్టం నిండా ఉన్నారు. అదే జాక్‌పాట్. లూరియా చేసి చూశాడు. జాక్‌పాట్‌లు వచ్చాయి. లెక్కల సంగతి మాక్స్ డెల్‌బ్రుక్ చూసుకున్నాడు. ఇద్దరి పేర్లతో పేపర్ అదే ఏడాది వచ్చింది, 1969లో నోబెల్ కూడా వచ్చింది.

అంటే మార్పు ముందే ఉంది. వైరస్ చేసిందల్లా మిగతావాళ్లని చంపి, వీళ్లకి చోటు ఖాళీ చేయడమే.

నమ్మకం కుదరని వాళ్లకి 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఇంకా సులువైన రుజువు చూపించారు. బ్యాక్టీరియా పెరిగిన పళ్లెం మీద మఖమల్ గుడ్డ అద్ది, ఆ గుడ్డని మందు కలిపిన వేరే పళ్లేల మీద ముద్ర వేశారు, రబ్బరు స్టాంపు వేసినట్టు. ప్రతి పళ్లెంలోనూ బతికిన మచ్చలు ఒకే చోట కనిపించాయి. అసలు పళ్లెంలో సరిగ్గా ఆ చోట ఉన్నవి మందుని ఎన్నడూ చూడలేదు. అయినా వాటికి మందు పనిచేయదు. వాళ్లు వాడిన మందుల్లో ఒకటి స్ట్రెప్టోమైసిన్.

ఆ స్ట్రెప్టోమైసిన్ పుట్టింది కూడా 1943లోనే. ఇది నాకు భలే వింతగా అనిపిస్తుంది. టీబీకి మొదటి మందు, ఆ మందు ఎందుకు ఓడిపోతుందో చెప్పే జవాబు, రెండూ ఒకే దేశంలో ఒకే ఏడాది పుట్టాయి. కానీ ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడలేదు. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీలో సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్, అందులో 23 ఏళ్ల ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి మట్టిలోంచి ఆ మందుని తీశాడు. నోబెల్ మాత్రం 1952లో వాక్స్‌మన్ ఒక్కడికే వచ్చింది. షాట్జ్ కోర్టుకి వెళ్లాడు. ఆ గొడవ ఇంకో ఎపిసోడ్‌కి సరిపోతుంది, వదిలేద్దాం.

బ్రిటన్‌కి వద్దాం. యుద్ధం అయిపోయింది, దేశం దగ్గర డాలర్లు లేవు. కొనగలిగిన స్ట్రెప్టోమైసిన్ చాలా కొద్దిగా. అందరికీ ఇవ్వలేరు. అప్పుడు మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వాళ్లు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే లెక్కల మనిషి సలహాతో ఒక పని చేశారు. ఎవరికి మందు, ఎవరికి ఒట్టి విశ్రాంతి అన్నది డాక్టర్ చేతిలో పెట్టకుండా, యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం మూసిన కవర్లలో పెట్టారు. ఇవాళ మనం ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటామే, దానికి పెద్ద ఉదాహరణగా అందరూ చెప్పేది ఇదే. 107 మంది. చాలామంది ఇరవైల్లో వాళ్లు, అంటే నా వయసువాళ్లు. రెండు ఊపిరితిత్తులూ పాడైనవాళ్లు. 55 మందికి మందు, 52 మందికి మంచం.

ఆరు నెలలయ్యేసరికి మంచం మీదే ఉంచినవాళ్లలో 14 మంది పోయారు. మందు వాడినవాళ్లలో నలుగురు. అద్భుతం కదా. 1948లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మందు వాడినవాళ్లకి ఆకలి వేసింది, బరువు పెరిగారు, ఎక్స్‌రేలో మచ్చలు తగ్గాయి.

ఇప్పుడు అదే మనుషుల్ని ఐదేళ్ల తర్వాత చూడండి. మందు లేని 52 మందిలో 35 మంది చనిపోయారు. మందు వాడిన 55 మందిలో 32 మంది. స్క్రీన్ మీద రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాను, చూస్తూ ఉండండి. ఆ అద్భుతంలో చాలా భాగం కరిగిపోయింది. ఎందుకు? మందు వాడినవాళ్లలో 41 మంది గళ్లని ల్యాబ్‌లో పరీక్షిస్తే, 35 మందిలో స్ట్రెప్టోమైసిన్‌కి లొంగని క్రిములు దొరికాయి. చాలామందిలో అవి రెండో నెలకే కనబడ్డాయి.

ఇందులో రోగుల తప్పు ఏముంది చెప్పండి? ఎవరూ మాత్రలు మానలేదు. ఆస్పత్రి మంచం మీద ఉండి, రోజుకి నాలుగు సార్లు సూది పొడిపించుకున్నారు. ఒక్క డోసు తప్పలేదు. "కోర్సు పూర్తి చేయనివాళ్ల వల్లే రెసిస్టెన్స్" అని మనకి చెప్పే కథకి ఇది సరిపోదు. ఇక్కడ తప్పు రోగిది కాదు, వైద్యం పద్ధతిది. ఒక్కటే మందు ఇచ్చారు.

లెక్క చేద్దాం, నాకు ఇదే వచ్చు కాబట్టి. టీబీ ముదిరితే ఊపిరితిత్తిలో గుంత పడుతుంది. ఒక్కో గుంతలో పది కోట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ క్రిములుంటాయి. ఐసోనియాజిడ్‌కి పుట్టుకతోనే లొంగనివి సుమారుగా పది లక్షల్లో ఒకటి. అంటే రోగి మొదటి మాత్ర నోట్లో వేసుకునేలోపే, ఆ గుంతలో ఓ వంద మొండి క్రిములు కూర్చుని ఉంటాయి. రిఫాంపిసిన్‌కి లొంగనివి పది కోట్లలో ఒకటి. అంటే ఒక్కటైనా ఉండొచ్చు. మరి రెండు మందులకీ ఒకేసారి లొంగనిది? రెండు అంకెల్నీ గుణించాలి. వంద లక్షల కోట్లలో ఒకటి. అన్ని క్రిములు ఏ మనిషి ఒంట్లోనూ ఉండవు. రెండు మందులూ ఒకేసారి వేయడంలో ఉన్న రహస్యం ఇంతే. ఒకదాని తర్వాత ఒకటి వేస్తే గుణకారం పోయింది, కూడికే మిగిలింది.

1950 కల్లా బ్రిటన్ వాళ్లకి ఇది అర్థమైంది. స్వీడన్‌లో యోర్గెన్ లేమన్ కనిపెట్టిన పాస్ అనే మందుని స్ట్రెప్టోమైసిన్‌తో కలిపి ఇస్తే మొండి క్రిములు బాగా తగ్గిపోయాయి. పాస్ అంటే కడుపులో తిప్పే చేదు మందు, గ్రాములకి గ్రాములు మింగాలి. ఎడిన్‌బరోలో జాన్ క్రాఫ్టన్ ఐసోనియాజిడ్‌ని కూడా చేర్చి మూడు మందులూ కలిపి ఇచ్చి, దాదాపు అందరికీ నయం చేయొచ్చని చూపించాడు. అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మలేదట.

ఐసోనియాజిడ్ అన్నాను కదా, దాని కథ వేరు. దాన్ని 1912లోనే ప్రాగ్ నగరంలో ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు తయారుచేసి పక్కన పెట్టేశారు. నలభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1952లో మూడు కంపెనీలు ఒకేసారి దీనికి టీబీని చంపే గుణం ఉందని కనిపెట్టాయి. న్యూయార్క్‌లో సీ వ్యూ ఆస్పత్రిలో, చావు కోసం ఎదురుచూస్తున్న రోగులు వార్డులో డాన్స్ చేస్తున్నారని పత్రికలు ఫొటోలు వేశాయి. చవక, సూది అక్కర్లేదు, నోట్లో వేసుకుంటే చాలు. అంత మంచి మందు. అంత మంచిది కాబట్టే చాలా చోట్ల దాన్ని ఒక్కదాన్నే వాడేశారు. చూశారా, నాలుగేళ్ల కింద నేర్చుకున్న పాఠం అప్పుడే మర్చిపోయారు.

మనవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది, "ఐసోనియాజిడ్ కనిపెట్టింది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు" అని. అది నిజం కాదు. ఆయన 1948లోనే పోయారు. కానీ నిజమైన సంగతి అంతకన్నా బాగుంటుంది. 1948లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం, నికోటినమైడ్ అనే బీ విటమిన్ ఎలుకల్లో టీబీని అణచగలుగుతోందని ప్రచురించింది. ఆ పేపర్ మీద ఆయన పేరుంది. ఆ నికోటినమైడ్ నిర్మాణాన్నే కాస్త మారుస్తూ పోయి, ఆయన పోయాక అదే బృందంలోని కుష్నర్ వాళ్లు 1952లో పైరజినమైడ్ అనే మందుని బయటపెట్టారు. ఇవాళ టీబీ వచ్చిన ప్రతి మనిషీ మొదటి రెండు నెలలు మింగే నాలుగు మందుల్లో అదొకటి. నా రూమ్మేట్ కూడా మింగాడు. ఆ విటమిన్‌ని కరిగించడానికి క్రిమి దగ్గర ఒక ఎంజైమ్ ఉంటుంది. పైరజినమైడ్‌ని విషంగా మార్చేది కూడా ఆ ఎంజైమే. క్రిమి తన చేత్తో తనే విషం కలుపుకుంటుందన్నమాట. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే జీన్ పేరు పీఎన్‌సీఏ. అది పాడైతే మందు పనిచేయదు. ఇది తేలింది 1996లో.

మద్రాసుకి కూడా ఇందులో పెద్ద చోటుంది. 1956లో అక్కడ పెట్టిన టీబీ కీమోథెరపీ సెంటర్లో వాలెస్ ఫాక్స్ బృందం, శానటోరియంలో పెట్టినా, పూరింట్లో ఉంచి మందులిచ్చినా ఫలితం ఒకటేనని 1959లో చూపించింది. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే చాలదని కూడా ఆ సెంటరే మనవాళ్ల మీద చేసిన ట్రయల్‌లో చూపించింది. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడటానికి ఆ మద్రాసు ఇళ్లు ఒక కారణం.

రిఫాంపిసిన్‌ది ఇంకా సరదా పుట్టుక. 1957లో ఇటలీలోని లెపెటిట్ కంపెనీ వాళ్లు ఫ్రాన్స్ సముద్రతీరం నుంచి తెచ్చిన మట్టిలో దాని మూలం దొరికింది. అప్పుడు ఆడుతున్న రిఫిఫీ అనే దొంగతనం సినిమా పేరు దానికి పెట్టుకున్నారు. 1960ల చివరికి మందుగా వచ్చింది. ఏడాదిన్నర వైద్యం మెల్లగా ఆరు నెలలకి తగ్గింది. టీబీ పని అయిపోయిందని డబ్బున్న దేశాలు చేతులు దులుపుకున్నాయి. 1990 నాటికి న్యూయార్క్ ఆస్పత్రుల్లో, జైళ్లలో ఐసోనియాజిడ్‌కీ రిఫాంపిసిన్‌కీ రెండిటికీ లొంగని టీబీ పాకింది. దాన్నే ఎండీఆర్ అంటాం. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది.

భయం పుట్టాక డబ్బులొచ్చాయి, డబ్బులొచ్చాక జీన్‌లు దొరికాయి. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా రూమ్మేట్ పట్టీ మీద ఉన్న గీత ఇక్కడిదే.

ఐసోనియాజిడ్ కూడా పైరజినమైడ్ లాంటిదే. మింగినప్పుడు దాంట్లో విషం లేదు. క్రిమి దగ్గర ఉండే ఒక ఎంజైమ్ దాన్ని రాజేస్తుంది. ఆ తర్వాతే అది వెళ్లి క్రిమి గోడ కట్టుకునే పనిని ఆపేస్తుంది. రాజేసే ఆ ఎంజైమ్‌ జీన్ పేరు కాట్‌జీ. 1954లోనే గార్డ్‌నర్ మిడిల్‌బ్రుక్ ఒక సంగతి గమనించాడు. ఐసోనియాజిడ్‌కి లొంగని క్రిముల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ రావడం లేదు. అంటే ఏదో ఎంజైమ్ పోయింది. ఆ ఎంజైమ్ జీన్‌ని పట్టుకుని, ఇదే కారణమని రుజువు చేయడానికి 1992 వరకూ పట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు.

మిడిల్‌బ్రుక్ కాలంలో ఇంకో సంగతి కూడా చూశారు. ఎంజైమ్ పోయిన ఆ క్రిములు గినీ పిగ్స్‌లో సరిగ్గా జబ్బు చేయలేకపోయాయి. ఆ ఎంజైమ్ క్రిమికి కవచం లాంటిది మరి, అది పోతే మన ఒంట్లో తెల్లకణాల దెబ్బకి ఆగలేదు. దాంతో చాలామంది ఊరట చెందారు. మొండి క్రిమి బలహీనమైనది, దాని గురించి అంత భయపడక్కర్లేదు అని.

ఆ ఊరట తప్పని అక్షరాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది. రోగుల నుంచి తీసిన మొండి క్రిముల్లో ఎక్కువ భాగం కాట్‌జీని పోగొట్టుకున్నవి కావు. ఆ జీన్‌లో 315వ స్థానంలో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. జీ ఉండాల్సిన చోట సీ. దాంతో ప్రోటీన్‌లో సెరీన్ బదులు త్రియోనీన్ వస్తుంది. అంత చిన్న మార్పుతో ఎంజైమ్ తన సొంత పని చాలావరకు చేసుకుంటూనే ఉంటుంది, ఐసోనియాజిడ్‌ని మాత్రం రాజేయదు. కవచం ఉంది, మందు పోయింది. క్రిమి మొత్తం జీనోమ్ 44 లక్షల 11 వేల అక్షరాలు, 1998లో పూర్తిగా చదివారు. అందులో ఒక్కటంటే ఒక్కటి. నేను కోడ్‌లో ఒక్క కామా వల్ల రెండు రాత్రులు పోగొట్టుకున్న మనిషిని. ఇది మాత్రం వేరే స్థాయి.

రిఫాంపిసిన్‌ది 1993లో దొరికింది. ఆర్‌పీఓబీ అనే జీన్, అందులో 81 అక్షరాల ముక్క. రిఫాంపిసిన్‌కి లొంగని క్రిముల్లో నూటికి 95 వాటిలో మార్పు ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. ఇది మనకి కలిసొచ్చింది. 81 అక్షరాలే కాబట్టి వాటిని మెషీన్‌తో రెండు గంటల్లో చూడొచ్చు. అదే జీన్‌ఎక్స్‌పర్ట్, మన ఆస్పత్రుల్లో సీబీనాట్ అంటారు. 2010 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. అంతకుముందు క్రిమిని పెంచి చూడాలంటే వారాలూ నెలలూ పట్టేది.

కానీ మనం పెట్టిన టెస్ట్‌కేసులో లేనిది టెస్ట్‌లో కనపడదు. సాఫ్ట్‌వేర్‌వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్వాటినీ అని ఆఫ్రికాలో చిన్న దేశం, అప్పట్లో స్వాజీలాండ్. అక్కడ 2009 సర్వేలో సేకరించిన ఎండీఆర్ క్రిముల్లో నూటికి ముప్పై వాటిలో మార్పు ఆ 81 అక్షరాల బయట, 491వ స్థానంలో ఉంది. మెషీన్ వాళ్లందరికీ "మందు పనిచేస్తుంది" అని చెప్తుంది. సరిగ్గా అలాంటి క్రిమే ఎక్కువ పాకింది.

ఆ మెషీన్‌కి ఇంకో గుడ్డిచోటు కూడా ఉంది. అది చూసేది రిఫాంపిసిన్ ఒక్కదాన్నే, కాట్‌జీని చూడదు. నా రూమ్మేట్ మొదటి రిపోర్టు అందుకే శుభ్రంగా వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి జవాబు చెప్తా. మందు ఎన్నడూ మింగని మనిషిలో మొండి క్రిమి ఎలా వచ్చింది?

2005లో దక్షిణాఫ్రికా క్వాజులు-నాటాల్ రాష్ట్రంలో తుగేలా ఫెర్రీ అనే పల్లె ఆస్పత్రిలో 53 మంది రోగులకి, అప్పట్లో ఉన్న మందుల్లో దాదాపు ఏదీ పనిచేయని టీబీ దొరికింది. ఎక్స్‌డీఆర్ అంటారు. 52 మంది చనిపోయారు. గళ్ల పరీక్షకి ఇచ్చిన పదహారు రోజుల్లోపే సగం మంది పోయారు. పరీక్ష చేసినవాళ్లందరికీ హెచ్‌ఐవీ ఉంది. హెచ్‌ఐవీ వల్లే ఈ క్రిమి పుట్టిందని అందరూ అనుకున్నారు.

తర్వాత అక్కడి క్రిముల జీనోమ్‌లు చదివి 2015లో ఒక బృందం దాని పుట్టుపూర్వోత్తరాలు తీసింది. టీబీ క్రిమిలో ఒక సౌకర్యం ఉంది. వేరే బ్యాక్టీరియా లాగా ఇది పక్కదాని నుంచి జీన్‌లు అప్పు తీసుకోదు. ఉన్న మార్పులన్నీ తల్లి నుంచి పిల్లకి దిగినవే. రెండు మూడేళ్లకి ఒక అక్షరం మారుతుంది. కాబట్టి తేడాలు లెక్కపెట్టి వెనక్కి వెళ్తే, ఏ మార్పు ఎప్పుడొచ్చిందో అంచనా వేయొచ్చు, కోడ్ హిస్టరీ చూసినట్టు. ఆ క్రిమి వంశంలో రిఫాంపిసిన్ కూడా పోయి ఎండీఆర్ అయింది 1984 ప్రాంతంలో. ఎక్స్‌డీఆర్ అయింది 1995 ప్రాంతంలో. మరి మొదటి మార్పు, ఐసోనియాజిడ్ మార్పు? సుమారు 1957.

అంటే ఐసోనియాజిడ్ బజారులోకొచ్చి ఐదేళ్లు కూడా సరిగ్గా కాకముందే, ఎవరో ఒక మనిషి ఊపిరితిత్తిలో ఒక అక్షరం మారింది. ఆ క్రిమి పిల్లలు దగ్గు నుంచి దగ్గుకి, తరం నుంచి తరానికి, దాదాపు యాభై ఏళ్లు నడిచి తుగేలా ఫెర్రీకి చేరాయి. హెచ్‌ఐవీ దాన్ని పుట్టించలేదు, తలుపు తీసింది అంతే. 2017లో ఐదు ఖండాల నుంచి తెచ్చిన 5,310 జీనోమ్‌లు చూసినప్పుడు కూడా అదే వరుస. ఎండీఆర్ వచ్చిన ప్రతిచోటా చాలా తరచుగా ముందు నడిచేది కాట్‌జీ 315. రిఫాంపిసిన్ మార్పు దాని వెనకే వస్తుంది. మన మెషీన్ వెనకొచ్చేదాన్ని చూస్తోంది, ముందొచ్చేదాన్ని వదిలేస్తోంది. కాట్‌జీని కూడా చూసే కొత్త కాట్రిడ్జ్‌లు ఇప్పుడు ఉన్నాయి. అన్ని ఊళ్లకీ చేరడమే మిగిలింది.

మన దేశం లెక్క కూడా ఒకటి చెప్పేస్తా. ప్రపంచంలో టీబీ వచ్చే ప్రతి నలుగురిలో సుమారు ఒకరు ఇక్కడివాళ్లే. 2014 నుంచి 2016 వరకు జరిగిన జాతీయ సర్వేలో, ఇంతకుముందు మందులు వాడినవాళ్లలో ఎండీఆర్ 11.60 శాతం. ఎన్నడూ వాడనివాళ్లలో 2.84 శాతం. రెండో అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ కొత్త రోగుల సంఖ్యే చాలా పెద్దది. వాళ్లెవరూ మాత్రలు ఎగ్గొట్టలేదు. వాళ్లకి క్రిమి అలాగే, మారిపోయే, వచ్చింది. మన ప్రభుత్వ కార్యక్రమమే 2017 దాకా వారానికి మూడు రోజులే మాత్రలిచ్చేది, ఆ తర్వాతే రోజూ ఇవ్వడం మొదలుపెట్టింది. కాబట్టి దగ్గినవాణ్ణి చూసి "నువ్వు మందులు మానేసి ఉంటావ్" అనడం ముందు మానేద్దాం. నేను వాడితో మొదట అన్నది అదే. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వాడికి ఎక్కడ అంటుకుందో మాకు తెలీదు. బస్సులోనా, కోచింగ్ సెంటర్లోనా, చిన్నప్పుడు ఊళ్లోనా. టీబీ ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోయి లేవగలదు. వాడి క్రిమిలో ఆ అక్షరం వాడు పుట్టకముందే మారి ఉండొచ్చు.

పదో రోజు రిపోర్టు వచ్చింది. లీవోఫ్లాక్సాసిన్ పనిచేయకుండా పోయే మార్పు ఎక్కువగా జైర్ఏ అనే జీన్‌లో, 90, 94 స్థానాల్లో వస్తుంది. ఆ గీతలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. మేడమ్ పట్టీని రెండుసార్లు చూసి, "ఐదు మాత్రలతో బయటపడ్డావ్" అన్నారు. రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్, వాటితోపాటు లీవోఫ్లాక్సాసిన్. ఆరు నెలలు రోజూ. వాడు మింగాడు, నేను ఫోన్‌లో అలారం పెట్టాను. ఇప్పుడు బాగున్నాడు, బెంగళూరులో ఉన్నాడు, ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ చదివి "నా బరువు సంగతి ఎందుకు రాశావురా" అన్నాడు.

దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో గళ్ల పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. లీవోఫ్లాక్సాసిన్‌ని చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాయాలని 2014 నుంచి రూల్ ఉంది. ఈ ఎపిసోడ్ కోసం మొన్న మళ్లీ ఆ సందులోకి వెళ్లాను. అదే షాపు, అదే అన్న. దగ్గు అన్నాను. "ఎన్ని రోజుల నుంచి?" అని కూడా అడగలేదు. స్ట్రిప్ తీసి, కత్తెర పట్టుకుని, "ఐదు చాలా, పది ఇవ్వనా?" అన్నాడు.

సరే, వచ్చే వారం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.